ఎండకి మొరాయించే బండి: అప్పుడప్పుడు స్టార్ట్ కాని ఒక పాత కారు కేసు

ఈ కేసులో చివరికి బండికి పడిన సామాను ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్), ఒక ఫ్యూజు, కొంచెం వైరు. అంతకుముందు ఇదే కంప్లయింట్ మీద కొత్త బ్యాటరీ, సెల్ఫ్ (ఇంజిన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటారు) ఓవర్‌హాల్, ఫ్యూయల్ పంపు పడ్డాయి. డబ్బు తేడా చూపించడానికి ఇది రాయడం లేదు. వాటిలో మొదటి రెండు రిపేర్లూ కొన్నాళ్లు "పనిచేశాయి". ఎందుకు పనిచేసినట్టు కనిపించాయో అర్థమైతే ఇలాంటి బండ్లు సగం దారికి వచ్చినట్టే. యజమాని వివరాలు, ఊరు, బండి కంపెనీ వదిలేస్తున్నాను. ముందు చూసిన షెడ్లవాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. వాళ్ల ముందుకు వచ్చినప్పుడల్లా ఆ బండి బుద్ధిగా స్టార్ట్ అయ్యేది, దాంతో వాళ్లకు దొరికిన ఆధారాలు అంతే.

బండి, దాని చరిత్ర

2004లో తయారైన నాలుగు సిలిండర్ల చిన్న పెట్రోల్ కారు. ఎమ్‌పీఎఫ్‌ఐ ఇంజిన్ (పెట్రోల్‌ని కంప్యూటర్ లెక్కతో చిమ్మే రకం), మాన్యువల్ గేర్లు, ఏసీ. ఇప్పటి బండ్లలోలా స్టార్ట్ బటన్ లేదు, క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ తిరగాలనే స్విచ్ లేదు, కంపెనీ ఇచ్చిన ఇమ్మొబిలైజర్ (అసలు తాళం చెవి కాకపోతే ఇంజిన్‌ని స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) కూడా లేదు. యజమాని ఒక రిటైర్డ్ ఉద్యోగి, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. బండిని బాగా చూసుకునే మనిషి. ఆయిల్ మార్చిన తేదీలు డైరీలో రాసి పెట్టుకునే రకం. ఈ అలవాటు తర్వాత మాకు చాలా పనికొచ్చింది.

కంప్లయింట్ మొదలైంది ఒక ఏప్రిల్ చివర్లో. పొద్దున ఇంటి దగ్గర ఎప్పుడూ ఇబ్బంది లేదు. బజారుకో బ్యాంకుకో వెళ్లి, పని చూసుకుని పది పదిహేను నిమిషాల్లో తిరిగొస్తే తాళానికి స్పందన ఉండదు. కాసేపు ఆగితే మళ్లీ మామూలే.

మొదట బ్యాటరీ మార్చారు. పాతది ఎలాగూ మూడేళ్లు దాటింది, కాబట్టి అది తప్పు నిర్ణయం అనను. కొన్ని వారాలు బాగుంది. రోహిణి కార్తె వచ్చేసరికి మళ్లీ మొదలు. ఈసారి సెల్ఫ్ దింపి కార్బన్లు, బుష్‌లు వేశారు, సోలినాయిడ్ (సెల్ఫ్‌కి పెద్ద కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్) శుభ్రం చేశారు. దాని వెనకే మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాయి, వాతావరణం చల్లబడింది. సెల్ఫ్ రిపేరుతో బాగయిందని అందరూ అనుకున్నారు. ఆ వానాకాలం, చలికాలం ఒక్క కంప్లయింట్ లేదు. మళ్లీ మార్చి వచ్చింది, కథ మొదటికొచ్చింది. ఎవరో "వేడికి పెట్రోల్ పంపు పట్టేస్తుంది" అన్నారు, పంపు మార్చారు. అప్పుడు మాత్రం వారం కూడా ఆగలేదు.

మా దగ్గరికి వచ్చింది ఆ తర్వాత.

మొదటి గంట: ప్రశ్నలే

ఇలాంటి బండి వస్తే నేను బానెట్ ఎత్తే ముందు కుర్చీ వేసి కూర్చోబెడతాను. "స్టార్ట్ అవ్వట్లేదు" అనే మాట కింద కనీసం రెండు వేరు వేరు జబ్బులు ఉంటాయి. సెల్ఫ్ తిరిగి ఇంజిన్ అందుకోకపోవడం ఒకటి, అసలు సెల్ఫే తిరగకపోవడం ఒకటి. మొదటి దానిలో వెతకాల్సింది పెట్రోల్, స్పార్క్, ఇంజిన్ తిరుగుడుని కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సర్ లాంటివి. రెండో దానిలో బ్యాటరీ, కేబుళ్లు, సెల్ఫ్, దానికి ఆర్డర్ ఇచ్చే వైరు. ఈ రెండింటినీ విడగొట్టకుండా మొదలుపెడితే ఫ్యూయల్ పంపు మారినట్టే మారుతుంది.

"సార్, స్టార్ట్ కానప్పుడు ఇంజిన్ గిర్రున తిరిగే సౌండ్ వస్తుందా, లేక నిశ్శబ్దమా?"

"ఏ సౌండూ ఉండదయ్యా. ఒక్కోసారి సన్నగా టిక్ అంటుంది, అంతే."

"తోయిస్తే స్టార్ట్ అవుతుందా?"

"ఎందుకవదు? సెకండ్ గేర్‌లో వేసి ఇద్దరు తోస్తే పది అడుగుల్లో అందుకుంటుంది."

ఈ ఒక్క జవాబుతో పెట్రోల్, స్పార్క్, సెన్సర్లు అన్నీ లిస్టులోంచి పోయాయి. తోస్తే ఇంజిన్ వెంటనే అందుకుందంటే ఆ క్షణంలో పంపు తోస్తోంది, స్పార్క్ వస్తోంది. మిగిలింది స్టార్టింగ్ సర్క్యూట్ ఒక్కటే.

ఇంకో ప్రశ్న అడిగాను. ఫెయిలైనప్పుడు హెడ్‌లైట్ వేసి తాళం తిప్పితే లైటు బాగా డల్ అవుతుందా అని. అది ఆయన ఎప్పుడూ చూడలేదు. మరొకటి మాత్రం తనంతట తనే చెప్పారు: ఒకసారి రోడ్డు పక్క మెకానిక్ వచ్చి సెల్ఫ్ మీద రాడ్డుతో రెండు దెబ్బలు వేస్తే స్టార్ట్ అయిందట. సెల్ఫ్ ఓవర్‌హాల్‌కి కారణం ఆ దెబ్బలే. ఈ ఆధారం నిజమే. కానీ దాని అర్థం వేరని తర్వాత తేలింది.

షెడ్డులో ఏం కనిపించింది

బండి షెడ్డులో నిక్షేపంగా స్టార్ట్ అయింది. అలాంటప్పుడు పార్టులు విప్పడం దండగ, కొలతలు మాత్రం తీసి రాసుకుంటాం.

బ్యాటరీ మీద ఏ లోడూ లేనప్పుడు 12.6 వోల్టులు, ఫుల్ చార్జ్ అన్నమాట. క్రాంక్ చేస్తుంటే, అంటే సెల్ఫ్ ఇంజిన్‌ని తిప్పుతుంటే, 10.4 దగ్గర నిలబడింది. 9.6 కన్నా కిందికి పడితే నేను బ్యాటరీని అనుమానిస్తాను, ఇక్కడ ఆ అవసరం లేదు. ఇంజిన్ నడుస్తుంటే 14.2, డైనమో బాగుంది. బండి ఆపి తాళం తీశాక బ్యాటరీ నుంచి ఊరికే పోయే కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల లోపే. బ్యాటరీ మైనస్ పోస్ట్ నుంచి సెల్ఫ్ బాడీకి క్రాంకింగ్‌లో దారిలో తగ్గేది 0.15 వోల్టులు, ఎర్త్ బాగుంది. ప్లస్ పోస్ట్ నుంచి సెల్ఫ్ లావు బోల్టుకి 0.3. ఇదీ బాగుంది.

తేడా ఉన్నది ఒక్క చోటే. బ్యాటరీ ప్లస్ నుంచి సోలినాయిడ్ సన్న వైరు టెర్మినల్ దాకా, అంటే 50 నంబరు అని పిలిచే టెర్మినల్ దాకా, క్రాంక్ చేస్తుంటే సుమారు ఒక వోల్టు తగ్గుతోంది. అర వోల్టు దాటితే నాకు అనుమానం మొదలవుతుంది. అయితే ఇరవై ఏళ్ల బండిలో ఒక వోల్టు తగ్గడం అరుదేమీ కాదు, అంత తగ్గుతూ కూడా ఏళ్ల తరబడి నడిచే బండ్లు చూశాను. కాబట్టి ఇది నిందితుడి పేరు మాత్రమే, నేరం ఇంకా రుజువు కాలేదు.

ఇక్కడ సర్క్యూట్ గురించి కొంచెం చెప్పాలి. తాళం తిప్పగానే రెండు కరెంట్లు రెండు దారుల్లో వెళ్తాయి. పెద్దది లావు కేబుల్ గుండా సెల్ఫ్ మోటారుకి. చిన్న పెట్రోల్ ఇంజిన్ తిప్పడానికి కూడా అది వంద ఆంపియర్ల పైమాటే. రెండోది ఆ పెద్దదాన్ని కలపమని సోలినాయిడ్‌కి ఆర్డర్ ఇచ్చే కరెంటు. చాలా పాత చిన్నకార్లలో ఈ ఆర్డర్ కరెంటు మధ్యలో ఏ రిలే లేకుండా నేరుగా ఇగ్నిషన్ స్విచ్ గుండానే వెళ్తుంది. బ్యాటరీ దగ్గర బయల్దేరి, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడ) దాటి క్యాబిన్‌లోకొచ్చి, స్టీరింగ్ కింది స్విచ్ గుండా పోయి, మళ్లీ ఫైర్‌వాల్ దాటి ఇంజిన్ కింద ఉన్న సోలినాయిడ్ దాకా ప్రయాణం. మీటర్ల కొద్దీ వైరు, దారిలో ఎన్నో కప్లర్లు, అంటే వైర్లను కలిపే ప్లగ్గులు.

సోలినాయిడ్ లోపల రెండు కాయిళ్లు. లోపలి ఇనుప ప్లంజర్‌ని లాగేది ఒకటి, లాగాక పట్టి ఉంచేది ఒకటి. లాగే క్షణంలో రెండూ కలిపి ముప్పై ఆంపియర్ల దాకా తాగుతాయి. ప్లంజర్ లోపలికి వచ్చి పెద్ద కాంటాక్ట్ కలవగానే లాగే కాయిల్ పని అయిపోతుంది, పట్టి ఉంచే కాయిల్ పది ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. కాబట్టి బండి బాగా స్టార్ట్ అయినప్పుడు నేను కొలిచిన ఒక వోల్టు పది ఆంపియర్ల దగ్గరి కొలత. లాగే క్షణంలో అదే దారిలో మూడు వోల్టులు పోతున్నాయని లెక్క. అది కూడా చల్లగా ఉన్నప్పుడు.

టెస్ట్ ల్యాంప్ ఎందుకు చాల్లేదు

ఫాల్ట్ మన దగ్గర రాదు, యజమాని దగ్గర వస్తుంది. అందుకని పరికరాన్నే ఆయన దగ్గర పెట్టాలి. మొదట 50 టెర్మినల్ నుంచి సన్న వైరు లాగి డాష్‌బోర్డ్ మీద చిన్న బల్బు పెట్టాం. ఫెయిలైనప్పుడు తాళం తిప్పి పట్టుకుంటే బల్బు వెలిగిందా లేదా చూసి రాయమన్నాం. వెలిగితే ఆర్డర్ సెల్ఫ్ దాకా వెళ్లినట్టు, తప్పు సెల్ఫ్‌లోనో లావు కేబుల్‌లోనో ఉన్నట్టు. వెలగకపోతే స్విచ్, వైరు వైపు.

కొన్ని రోజులకు ఆయన డైరీతో వచ్చారు. మధ్యాహ్నం, నలభై నిమిషాలు ఏసీతో నడిపాక, పన్నెండు నిమిషాల విరామం తర్వాత ఫెయిల్. బల్బు వెలిగింది. హెడ్‌లైట్ డల్ కాలేదు.

బల్బు ఒక్కటే చూస్తే నేరం సెల్ఫ్ మీదకి పోతుంది. ఈ పాయింటు దగ్గర మా షెడ్డులోనే ఒకరు కొత్త సెల్ఫ్ వేద్దామన్నారు. నేను ఆగిపోవడానికి కారణం హెడ్‌లైట్ మాట. సెల్ఫ్ మోటార్ పట్టేసి ఉంటే పెద్ద కరెంటు లాగుతుంది, లైటు బాగా కుంగుతుంది. కుంగలేదంటే పెద్ద కరెంటు అసలు కదల్లేదు. సోలినాయిడ్ కాంటాక్టులు కాలిపోయినా కూడా ఇలాగే కుంగదు, కానీ అప్పుడు ప్లంజర్ గట్టిగా టక్కుమని కొడుతుంది. ఈయన చెబుతున్నది సన్నటి టిక్, ఒక్కోసారి అదీ లేదు. అంటే ప్లంజరే సరిగా కదలడం లేదు. బల్బుకి ఏడు వోల్టులు చాలు, వెలుగుతుంది. మధ్యాహ్నం వెలుతురులో ఏడుకీ పన్నెండుకీ తేడా ఎవరి కంటికీ ఆనదు.

బల్బు తీసి దాని చోట చిన్న డిజిటల్ వోల్ట్ మీటరు పెట్టాం, బైకులకు బిగించే చవక రకం. ఈసారి వచ్చిన డైరీలో కావలసింది ఉంది: పొద్దున తాళం తిప్పినప్పుడు తొమ్మిది చిల్లర, ఫెయిలైనప్పుడు 7.1, 6.9, మళ్లీ 7.0. అరగంట ఆగాక స్టార్ట్ అయినప్పుడు 8.8. పక్కనే ఆయన తన అభిప్రాయం కూడా రాశారు: "ఎండ ఎక్కువైతే అంకె తగ్గుచున్నది."

వేడి రెండు వైపుల నుంచి కొడుతోంది. ఇంజిన్ ఆపిన పది నిమిషాల్లో బానెట్ కింద వేడి ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఫ్యాను లేదు, గాలి లేదు, ఇంజిన్ వేడంతా పక్కనున్న సెల్ఫ్‌కి ఎక్కుతుంది. రాగి వేడెక్కితే డిగ్రీకి 0.39 శాతం చొప్పున రెసిస్టెన్స్ పెరుగుతుంది. అరవై డిగ్రీలు పెరిగితే సోలినాయిడ్ కాయిల్ రెసిస్టెన్స్ దాదాపు పావు వంతు ఎక్కువ. అంటే అదే వోల్టేజ్ ఇచ్చినా కరెంటు తక్కువ, లాగే బలం ఇంకా తక్కువ. అదే సమయంలో ఆర్డర్ వచ్చే దారిలో ఎక్కడో ఒక జాయింటు కూడా వేడికి వదులవుతోంది. చల్లగా ఉన్నప్పుడు ఈ రెండూ కలిసినా ప్లంజర్ లాగడానికి సరిపడా బలం మిగులుతోంది. మధ్యాహ్నం మిగలడం లేదు.

రాడ్డు దెబ్బల సంగతి కూడా ఇక్కడే తేలిపోయింది. సెల్ఫ్ పాడయి దెబ్బకు బాగవ్వలేదు. అంచు మీద ఆగిపోయిన ప్లంజర్‌కి ఆ అదురు కొంచెం సాయం చేసింది, అంతే. కొత్త బ్యాటరీ కొన్ని వారాలు "పనిచేసింది" ఎందుకంటే అది ఇంకో పావో అరో వోల్టు ఎక్కువ ఇచ్చింది. సోలినాయిడ్ శుభ్రం చేస్తే ప్లంజర్ రాపిడి తగ్గింది, తక్కువ బలంతోనే కదిలింది. మిగతా పని మృగశిర కార్తె చేసింది.

వేడిలో పట్టుకోవడం

ఇక కొలవాల్సింది ఆర్డర్ వైరునే, అదీ వేడి మీదే. మిట్టమధ్యాహ్నం ఏసీ వేసి బండిని బాగా తిప్పి, షెడ్డు బయట ఎండలోనే ఆపి, బానెట్ తెరవకుండా పది నిమిషాలు వదిలేశాం. ఫెయిల్ అయింది. ఎదురుచూసిన క్షణం కాబట్టి కుర్రాళ్లు ఈల వేశారు. ఫెయిలైన బండిని చూసి మెకానిక్కులు సంతోషించడం యజమానికి వింతగా అనిపించి ఉంటుంది.

మొదటి పని, సెల్ఫ్‌ని నిర్దోషిగా తేల్చడం. గేరు న్యూట్రల్‌లో ఉందని చేత్తో చూసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, బ్యాటరీ ప్లస్ నుంచి లావు వైరు, మధ్యలో పుష్ బటన్ పెట్టి 50 టెర్మినల్‌కి నేరుగా ఇచ్చాం. సెల్ఫ్ ఒక్కసారిగా తిరిగింది. వెంటనే మళ్లీ తాళంతో తిప్పితే టిక్. బటన్‌తో ఇస్తే తిరుగుడు. అదే వేడి, అదే సెల్ఫ్, అదే బ్యాటరీ, మారింది ఆర్డర్ వచ్చే దారి ఒక్కటే. కొత్త సెల్ఫ్ ఆలోచన అక్కడితో అయిపోయింది.

రెండో పని, ఆ దారిలో ఎక్కడో కనిపెట్టడం. కంటిన్యుటీ బీప్ (వైరు తెగలేదని మల్టీమీటర్ చేసే శబ్దం) ఇక్కడ పనికిరాదని కొత్తవాళ్లకు గట్టిగా చెబుతాను. మనం వెతుకుతున్న రెసిస్టెన్స్ ఓమ్‌లో ఐదో వంతు. మల్టీమీటర్ ప్రోబ్ వైర్లకే అంత ఉంటుంది. లోడ్ లేకుండా వోల్టేజ్ చూసినా 12.4 చూపిస్తుంది. మిద్దె మీద ట్యాంకు నిండుగా ఉంది, పైపు సగం పూడుకుపోయింది అనుకోండి. కుళాయి కట్టేసి ఉంటే ప్రెషర్ పూర్తిగానే ఉంటుంది, విప్పితేనే బండారం బయటపడుతుంది. కరెంటు పారుతుండగా కొలవాలి.

కానీ తాళం పట్టుకుని ఉన్నంతసేపూ ముప్పై ఆంపియర్లు సోలినాయిడ్‌కి ఇస్తూ కూర్చుంటే కాయిల్ కాలుతుంది. అందుకని 50 టెర్మినల్ వైరు ఊడదీసి, దానికి సోలినాయిడ్ బదులు ఒక హెచ్4 హెడ్‌లైట్ బల్బు తగిలించాం. 60, 55 వాట్ల ఫిలమెంట్లు రెండూ కలిపి వెలిగిస్తే దాదాపు తొమ్మిదిన్నర ఆంపియర్ల లోడ్. ఇంజిన్ తిరగదు, తొందర లేదు, ఒకరు తాళం పట్టుకుంటే ఇంకొకరు ఒక్కో చోటా ప్రోబ్ పెట్టి తీరిగ్గా కొలవొచ్చు. స్టార్టింగ్ సర్క్యూట్ పనికి ఇంతకన్నా చవకైన, నమ్మకమైన పరికరం నాకు తెలియదు. పగలని పాత హెడ్‌లైట్ బల్బు ఒకటి ప్రతి షెడ్డులో వైర్లు వేసి పెట్టుకోవాలి.

మొత్తం తగ్గుదల 2.1 వోల్టులు. ముక్కలుగా చూస్తే బ్యాటరీ ప్లస్ నుంచి ఇగ్నిషన్ స్విచ్‌లోకి వచ్చే వైరు దాకా 0.2, స్విచ్‌లో 0.5, స్విచ్ బయటి నుంచి 50 టెర్మినల్ దాకా 1.4.

నిజానికి నేను స్విచ్ కాంటాక్టులే కాలి ఉంటాయని పందెం కాసేవాణ్ని. ఈ వయసు బండ్లలో ఎక్కువగా దొరికేది అదే. స్విచ్ అరిగిన మాట నిజమే, అర వోల్టు తింటోంది. కానీ అసలు దొంగ దాని తర్వాత ఉన్నాడు, అదీ మామూలుగా ఒక్క కప్లర్ తప్ప ఏమీ ఉండకూడని వైరులో.

డాష్‌బోర్డ్ కింది ప్యానెల్ విప్పాం. స్టార్ట్ వైరు స్విచ్ దగ్గర బయల్దేరి ఒక జానెడు వెళ్లి నల్ల టేపు ముద్దలోకి దూరింది. టేపు జిగురు ఎండకి కరిగి చేతికి అంటుకుంటోంది. విప్పితే లోపల వైరు కోసి, రెండు కొసలకు వేరే వైర్లు చేత్తో మెలిపెట్టి ఉన్నాయి. సోల్డర్ లేదు, క్రింప్ (నొక్కి బిగించే లోహపు తొడుగు) లేదు, రాగి నల్లబడింది. ఆ వైర్లు ఒక చిన్న రిలేకి వెళ్లాయి. ఎప్పుడో, బహుశా మొదటి యజమాని కాలంలో, బయట వేయించిన సెక్యూరిటీ అలారం తాలూకు రిలే అది. సైరన్ లేదు, రిమోట్ లేదు, అలారం పెట్టె లేదు. స్టార్టింగ్ ఆపే రిలే మాత్రం దారికి అడ్డంగా మిగిలిపోయింది. ఇప్పటి యజమానికి అలాంటిది ఉందనే తెలియదు. కంపెనీ వైరింగ్ డయాగ్రమ్‌లో అది ఉండే అవకాశమే లేదు.

అలారం చచ్చిపోయినా బండి ఇన్నేళ్లూ ఎలా నడిచింది? ఇలాంటి రిలేని 87ఏ కాంటాక్ట్ మీద కడతారు. అంటే కరెంటు ఇవ్వనప్పుడు కలిసి ఉండే కాంటాక్ట్. అలారం పనిచేయకపోయినా బండి ఆగకూడదని ఆ ఏర్పాటు. అయితే ఆ కాంటాక్ట్‌ని పట్టి ఉంచేది లోపలి స్ప్రింగు ఒక్కటే, అందుకే దాని కెపాసిటీ అదే రిలేలో 87 (కరెంటు ఇచ్చినప్పుడు కలిసే కాంటాక్ట్) కన్నా తక్కువ రాసి ఉంటుంది. ఏళ్ల తరబడి ప్రతి స్టార్టింగ్‌కీ సోలినాయిడ్ లాగే కరెంటు దాని గుండా పోతోంది. రిలే కోసి చూస్తే కాంటాక్ట్ మసిబారి ఉంది. బల్బు వెలిగించి మెలికల్ని వేలితో కదిపితే వెలుగు ఎగాదిగా అయింది. 1.4లో 1.3 వోల్టులు రెండు మెలికల్లోను, ఆ రిలేలోను పోతున్నాయి.

ఏం చేశాం, ఎందుకలా చేశాం

ఇక్కడ ఒక సులువు దారి ఉంది, చాలామంది అదే చేస్తారు. బ్యాటరీ పక్కన కొత్త స్టార్టర్ రిలే పెట్టి, పాత స్టార్ట్ వైరుతో ఆ రిలే కాయిల్‌ని మాత్రం నడిపిస్తే చాలు. రిలే కాయిల్ తాగేది ఆంపియర్‌లో ఆరో వంతు. అంత చిన్న కరెంటుకి ఐదో వంతు ఓమ్ అడ్డం వచ్చినా లెక్కలోకి రాదు. అలారం ముద్దని ముట్టుకోకపోయినా బండి ఆ మధ్యాహ్నమే టక్కున స్టార్ట్ అయ్యేది.

అలా చేయకపోవడానికి కారణం, మెలిపెట్టిన జాయింటు ఈ స్థితిలో ఆగదు. ఇంకా ఆక్సైడ్ పడుతుంది, ఒకరోజు పూర్తిగా విడిపోతుంది. అప్పుడు రిలే కాయిల్‌కి కూడా కరెంటు అందదు, బండి మళ్లీ రోడ్డు మీద ఆగుతుంది, ఈసారి మన రిలేని అనుమానిస్తారు. పైగా స్టీరింగ్ కింద, కాళ్ల దగ్గర వేడెక్కే మెలిక ఉండడం నాకు ఇష్టం లేదు. ముందు తప్పు తీసేసి, కొలిచి, ఆ తర్వాతే రిలే అవసరమా అని చూడాలనుకున్నాం.

అలారం రిలే, దాని వైర్లు మొత్తం తీసేశాం. స్టార్ట్ వైరు అసలు మందంతో ఒక ముక్క చేర్చి, రెండు చివరలా సోల్డర్ వేసి, హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని బిగిసే గొట్టం) తొడిగి, కదలకుండా పాత వైరింగ్‌కి కట్టేశాం. వేడి మీద మళ్లీ బల్బు లోడ్‌తో కొలిస్తే మొత్తం తగ్గుదల 0.9కి వచ్చింది. బండి స్టార్ట్ అవుతోంది. సన్న టిక్ పోయి పాత రోజుల టక్కు వచ్చింది.

మిగిలిన 0.9లో సగానికి పైగా స్విచ్‌దే. స్విచ్ మార్చాలా? ఈ మోడల్‌కి ఒరిజినల్ స్విచ్ దొరకడం కష్టం. మార్కెట్లో దొరికే నకిలీవి అరిగిన ఒరిజినల్ కన్నా మెరుగని నేను చెప్పలేను. స్టీరింగ్ లాక్‌తో కలిపి సెట్ మారిస్తే తలుపుల తాళానికీ దీనికీ వేరు వేరు తాళం చెవులు. యజమాని అది వద్దన్నారు, నాకూ సబబే అనిపించింది. కాబట్టి ఇప్పుడు రిలే పెట్టడంలో అర్థం ఉంది. తప్పుని కప్పిపుచ్చడానికి పెట్టడం వేరు. అరిగిన స్విచ్ మీద ముప్పై ఆంపియర్ల బరువు తీసేస్తే అది ఇంకొన్నేళ్లు బతుకుతుందని పెట్టడం వేరు.

బ్యాటరీ ప్లస్ నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజు, నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరు రిలే 30 నంబరు పిన్నుకి. రిలే 87 నుంచి అదే మందం వైరు సోలినాయిడ్ 50కి. రిలే కాయిల్ రెండు కొసలైన 86, 85లలో పాత స్టార్ట్ వైరు 86కి, 85 ఎర్త్‌కి. ఫ్యూజు వీలైనంత బ్యాటరీ పోస్ట్ దగ్గరే ఉండాలి. దూరంగా పెడితే మధ్యలో వైరు రాసుకుని షార్ట్ అయినప్పుడు అది ఉండీ లేనట్టే. రిలేని పిన్నులు కిందికి వచ్చేలా బిగించాం, వాటర్ సర్వీసింగ్ చేసినప్పుడు నీళ్లు నిలవకుండా. ఇప్పుడు బ్యాటరీ ప్లస్ నుంచి 50 దాకా బల్బు లోడ్ మీద తగ్గుదల 0.2.

డాష్‌బోర్డ్ మీటరు తీసేయబోతే యజమాని ఉంచమన్నారు. ఆ ఎండాకాలం అంతా అంకెలు రాశారు, రోళ్లు పగిలే ఎండలో కూడా తొమ్మిదిన్నర కిందికి దిగలేదు. ఈ ఫాల్ట్ బాగయిందని నేను నమ్మింది ఆ డైరీ చూశాకే. ఈ కేసులో "నెల రోజులు బాగుంది" అనే మాట ఇదివరకు రెండుసార్లు మోసం చేసింది కదా. వేడి వల్ల వచ్చే జబ్బుకి మందు పనిచేసిందో లేదో వేడిలోనే తేలాలి. జులైలో ఇచ్చే భరోసాకి విలువ లేదు.

ఈ పద్ధతి ఎక్కడికి పనికిరాదు

సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజిన్ అందుకోని బండికి పైన చెప్పిన కొలతలేవీ సాయం చేయవు. అక్కడ ఫెయిలైన క్షణంలోనే స్కానర్ (బండి కంప్యూటర్‌ని చదివే పరికరం) పెట్టి, క్రాంకింగ్‌లో ఆర్‌పీఎమ్, అంటే ఇంజిన్ తిరిగే వేగం, కనిపిస్తోందా లేదా చూడాలి. సున్నా చూపిస్తే మొదట క్రాంక్ సెన్సర్, దాని వైరింగ్ వైపు వెళ్లాలి. అది కూడా వేడికి చచ్చి చల్లబడితే లేచే రకమే. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద పంపు రెండు మూడు సెకండ్లు గుయ్యిమంటోందో లేదో చెవి పెట్టి వినమని యజమానికి నేర్పాలి. స్టార్ట్ బటన్ ఉన్న కొత్త బండ్లలో ఆర్డర్ కంప్యూటర్ ఇస్తుంది. అక్కడ 50 టెర్మినల్‌కి వోల్టేజ్ రాలేదంటే వైరు తెగిందని కాదు, బ్రేక్ స్విచ్ సిగ్నలో తాళం చెవి సిగ్నలో అందక కంప్యూటరే ఒప్పుకోకపోయి ఉండవచ్చు.

సెకండ్‌హ్యాండ్ బండి అయితే మాత్రం ఇప్పుడు మా జాబ్ కార్డులో ఒక గడి ఉంది: బయట వేయించిన అలారం, సెంట్రల్ లాకింగ్, మ్యూజిక్ సిస్టమ్, జీపీఎస్. ఉన్నాయా అని అడగం, ఎప్పుడైనా ఉండేవా అని అడుగుతాం. జవాబు తెలియదంటే స్టీరింగ్ కింది ప్యానెల్ విప్పి చూస్తాం. అయిదు స్క్రూల పని.

ఈ బండిలో ఒకటి మిగిలింది. పని చేస్తుండగా బ్యాటరీ నుంచి స్విచ్‌కి వచ్చే వైరు ఫైర్‌వాల్ రబ్బరు దగ్గర గట్టిపడి ఉండటం చూశాం. 0.2 వోల్టుల తగ్గుదల ఇప్పటికి పరవాలేదు. వచ్చే సర్వీసింగ్‌లో మళ్లీ కొలిచి, పెరిగి ఉంటే ఆ ముక్క మార్చాలని జాబ్ కార్డులో రాశాం. యజమాని తన డైరీలో కూడా రాసుకున్నారు.